ఇరవై రెండేళ్ల చేతికి కొత్త కీబోర్డు

ఉత్తరం:

అక్కా, నాకు 47 ఏళ్లు. విజయవాడలో ఒక ప్రెస్సులో 22 ఏళ్లుగా డీటీపీ ఆపరేటర్‌ని, అంటే కంప్యూటర్ మీద పుస్తకాల పేజీలు తయారుచేస్తాను. పేజీలు పేర్చడానికి పేజ్‌మేకర్, తెలుగుకు అను ఫాంట్లు, కొట్టడానికి ‘ఆపిల్’ అనే కీబోర్డు అమరిక, ఇవే నాకు తెలిసిన పని. రోజుకు డెమ్మీ పుస్తకం సైజులో ముప్ఫై పేజీల మ్యాటర్ కొట్టేవాణ్ణి. ప్రెస్సులో అందరూ నన్ను ‘గురువు గారూ’ అంటారు. రెండు నెలల కిందట ఓనరు గారి అబ్బాయి వచ్చి, ఇక నుంచి పుస్తకాలన్నీ ఏ ఫోనులోనైనా కనిపించే యూనికోడ్ తెలుగులో, పేజ్‌మేకర్ బదులు ఇన్‌డిజైన్‌లో చేయాలన్నారు. నేర్పడానికి 24 ఏళ్ల అమ్మాయిని పెట్టారు. అమ్మాయి మంచిదే. కానీ ఇన్‌స్క్రిప్ట్ అనే కొత్త కీబోర్డు అమరిక మీద నాకు రోజుకు ఆరు పేజీలు కూడా రావడం లేదు. మొదటి వారం వత్తులన్నీ విడిపోయి వస్తుంటే ఎవరినీ అడగలేక రెండు రోజులు అలాగే కూర్చున్నాను. ఆ అమ్మాయి చూసి ఒక్క నిమిషంలో సెట్టింగ్ మార్చింది. బైండింగ్ కుర్రాళ్ల ముందు ‘అంకుల్, అది కాదు’ అంటుంటే తల ఎత్తుకోలేకపోతున్నాను. ఓనరు గారు అడిగితే ‘వచ్చేసిందండీ’ అని చెప్పేశాను. ఇప్పుడు రాత్రిళ్లు ఇంట్లో పాత కంప్యూటర్ మీద అనులోనే కొట్టి, కన్వర్టర్‌లో యూనికోడ్‌కు మార్చి, పొద్దున కొత్తదాంట్లో చేసినట్టు ఇస్తున్నాను. మొన్న ఒక కవి గారి పుస్తకంలో తప్పులు దొర్లి ప్రూఫులు వెనక్కి వచ్చాయి. మా ఆవిడ ఇదంతా ఓవర్‌టైమ్ అనుకుంటోంది. ఈ వయసులో మళ్లీ ఓనమాలు దిద్దడం నా వల్ల అవుతుందా? వేరే పని చూసుకోమంటారా? నా పేరు రాయకండి.

సమాధానం:

తమ్ముడు గారూ,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఈ వయసులో నేర్చుకోగలనా అని అడిగారు, దానికి వస్తాను, కానీ ముందు ఆ రాత్రిపని గురించి మాట్లాడాలి. మిమ్మల్ని లోపల్లోపల తినేస్తున్నది అదే అనిపిస్తోంది నాకు. పగలు కొత్త పని వచ్చినవాడిలా కూర్చోవాలి, రాత్రి పాత పని చేయాలి, పొద్దున్నే ఆ పాతదాన్ని కొత్తదని నమ్మించాలి. ఇవి మూడు ఉద్యోగాలు. జీతం ఒక్కదానికే వస్తోంది, అన్నిటికంటే బరువైనది ఆ మూడోది.

పైగా ఇంకో సంగతి ఉంది, మీకు తట్టిందో లేదో. రాత్రి గంటల తరబడి ధీమాగా పాత లేఅవుట్ మీద, అంటే పాత మీటల అమరిక మీద కొడుతున్నారు, పగలు భయపడుతూ కొత్త లేఅవుట్ మీద కొడుతున్నారు. మరి వేళ్లకు ఏది గుర్తుంటుంది? పగలు కాస్త పట్టుబడిందనుకున్నది రాత్రికి చెరిగిపోతోంది. ఆరు పేజీలు దాటడం లేదంటే ముందు అనుమానించాల్సింది దీన్ని, వయసును కాదు. చేతులు ఒకదానికి అలవాటుపడే దశలో రెంటి మధ్యా అటూ ఇటూ తిప్పితే పాతికేళ్ల కుర్రాడికైనా ఇదే గతి.

కాబట్టి రాత్రిపని ఆగాలి. అది ఆగాలంటే ఓనరు గారికి నిజం చెప్పాలి. అక్కడికి కూడా వస్తాను, కంగారు పడకండి.

మా బాబాయి సంగతి ఒకటి చెప్పాలి మీకు. తెనాలిలో హ్యాండ్ కంపోజిటర్, సీసం అక్షరాలు పేర్చే పని, 28 ఏళ్లు చేశారు. అక్షరాలుండే గళ్ల పెట్టె వైపు చూడకుండానే చెయ్యి వెళ్లి కావలసిన వత్తును తీసుకొచ్చేది. అక్షరాలు తలకిందులుగా, అద్దంలో చూసినట్టు ఉన్నా మనం పేపరు చదివినంత వేగంగా చదివేవారు. 1993లో వాళ్ల ప్రెస్సుకు కంప్యూటర్ వచ్చింది. ఓనరు ముందు బాబాయినే పిలిచి నేర్చుకోమన్నారు. ‘నాకెందుకులెండి, కుర్రాళ్లు నేర్చుకుంటారు’ అన్నారాయన. ఇంట్లో అందరం ఆయనకు ఇష్టం లేదనుకున్నాం. చాలా ఏళ్ల తర్వాత, ఆయన పోయే ముందు ఒక మధ్యాహ్నం, నాతో అసలు సంగతి చెప్పారు. అందరూ వెళ్లిపోయాక ఒక సాయంత్రం ఒక్కరే వెళ్లి ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నారట. పది నిమిషాలు వెతికినా ‘అ’ ఎక్కడుందో దొరకలేదట. ఇంతలో ఊడ్చే కుర్రాడు వచ్చి ‘చెప్పనా తాతా’ అన్నాడట. నవ్వలేదు, వెక్కిరించలేదు, మామూలుగానే అడిగాడు. బాబాయి లేచి వచ్చేశారు, మళ్లీ ఆ గదిలోకి వెళ్లలేదు. మిగతా ఉద్యోగమంతా అచ్చయిన ఫారాలు లెక్కపెడుతూ, కట్టలు కడుతూ గడిపారు. కొత్త కుర్రాళ్లు కొట్టిన పేజీల్లో తప్పులు దూరం నుంచే కనిపించేవట ఆయనకు. అది చూసే పని తనది కాదు కదా అని ఊరుకునేవారట.

నేను ముప్ఫై ఏళ్లు ప్రూఫ్ రీడర్‌గా పనిచేశాను. బాబాయి లాంటి కన్ను ఉన్న కంపోజిటర్ దొరికితే నాకు సగం పని తగ్గేది. ఆ కన్ను అంతా కట్టలు కట్టడానికి పోయిందని తలచుకుంటే ఇప్పటికీ నాకు కడుపులో దేవినట్టు ఉంటుంది. ఆయనకు చేతకాక కాదు. ‘చెప్పనా తాతా’ అన్నప్పుడు ‘చెప్పు నాయనా’ అనలేకపోయారు, అంతే.

ఇప్పుడు మీ పని సంగతికి వద్దాం. మీరు చేసే పనిలో వేళ్ల పని ఒకటి, కళ్ల పని ఒకటి. మీరు మొదటికి వచ్చింది వేళ్ల పనిలో మాత్రమే. తెలుగు మ్యాటర్‌కు లైన్ల మధ్య ఎడం ఎక్కువ ఎందుకు పెట్టాలో మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ లాంటి మాటలు వచ్చిన చోట వత్తులు కిందికి దిగి కింది లైను గుడిదీర్ఘాలకు తగులుతాయని 22 ఏళ్లుగా చూస్తున్నారు. పేరా చివరి లైను ఒక్కటే పక్క పేజీ నెత్తిన పడితే మీ కన్ను ఒప్పుకోదు. పద్యం ఎక్కడ విరగాలో, ఏ పేరు ఏ సైజులో ఉంటే శుభలేఖ చూసి పెద్దవాళ్లు మొహం చిట్లించరో మీకు తెలుసు. ఇన్‌డిజైన్ వచ్చినంత మాత్రాన ఇందులో ఒక్కటీ పోలేదు. ఆ అమ్మాయికి సాఫ్ట్‌వేర్ వచ్చు, కానీ ఇవన్నీ రావాలంటే ఆమెకూ ఏళ్లు పడతాయి.

ఇది మిమ్మల్ని ఓదార్చడానికి అనడం లేదు. ‘మళ్లీ ఓనమాలు దిద్దడం’ అన్నారు మీరు. ఆ మాటే మిమ్మల్ని కుంగదీస్తోంది, అది పూర్తిగా నిజం కూడా కాదు. కొత్తవాళ్లయింది ఎందులోనో కచ్చితంగా పేరు పెట్టి చెప్పుకోండి. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో, యూనికోడ్ అక్షరాలు కలిసే పద్ధతిలో, ఇన్‌డిజైన్ మెనూల్లో కొత్త. అక్కడితో ఆపండి.

చూశారా, అవే మూడున్నాయి! మూడూ ఒకేసారి నెత్తిన పెట్టుకున్నారు. ఎవరు పెట్టమన్నారు? పాత ఆపిల్ లేఅవుట్‌తోనే యూనికోడ్ అక్షరాలు వచ్చే కీబోర్డు సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి తమ్ముడు గారూ. కొన్ని చోట్ల మీటలు నొక్కే వరస కొద్దిగా మారుతుంది తప్ప, మీ వేళ్లకు తెలిసిన చోటే అక్షరాలు ఉంటాయి. ఈ సంగతి మీకు ఎవరూ చెప్పలేదంటే కారణం ఒకటే, మీరు ఎవరినీ అడగలేదు. ఆ అమ్మాయి కాలేజీలో ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకుని ఉంటుంది, అదే నేర్పుతోంది. మీకు ఆపిల్ లేఅవుట్ మీద ఇంత వేగం ఉందని, అది వాడుకునే దారి ఉందని ఆమెకు తట్టి ఉండదు.

నా సలహా ఏమిటంటే, ముందు ఆ సాఫ్ట్‌వేర్ వేయించుకోండి, పాత లేఅవుట్ మీదే యూనికోడ్ కొట్టండి, ఇన్‌డిజైన్ ఒక్కటీ నేర్చుకోండి. మీ పేజీల లెక్క పదిహేను రోజుల్లో సగానికి పైగా తిరిగొస్తుందని నా నమ్మకం. ఇన్‌స్క్రిప్ట్ సంగతి సంక్రాంతి తర్వాత చూడొచ్చు. అది మంచి లేఅవుటే, 1991లోనే మన ప్రమాణాల సంస్థ దానికి ముద్ర వేసింది. గుణింతాలు ఎడమ చేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడి చేతి వైపు ఉంటాయి. తెలుగులో ‘క’ ఉన్న మీట మీదే హిందీలోనూ, కన్నడలోనూ ‘క’ ఉంటుంది. ఏ విండోస్ కంప్యూటర్‌లోనైనా విడిగా ఏమీ వేయక్కర్లేకుండా దొరుకుతుంది. నేర్చుకుంటే లాభమే, కానీ ఇప్పుడే కాదు.

ఇక యూనికోడ్. దీన్ని బట్టీ పట్టకండి, ఒక్కసారి అర్థం చేసుకోండి. అను ఫాంటులో మీరు కొట్టేది అక్షరం ఆకారంలో ఉన్న బొమ్మ ముక్కలు, ఇంగ్లీషు అక్షరాల గళ్లలో దాచిపెట్టినవి. అందుకే ఆ ఫాంటు లేని ఫోనులో తెరిస్తే పిచ్చి ఇంగ్లీషు కనిపిస్తుంది. యూనికోడ్‌లో తెలుగుకు సొంతంగా 128 గళ్లు ఉన్నాయి, అందులో ‘క’కు ఒక గడి, పొల్లుకు ఒక గడి, అంతేగానీ క వత్తుకు విడిగా గడి లేదు. హల్లు, పొల్లు, మళ్లీ హల్లు కొడితే కంప్యూటరే కలిపి వత్తు చేస్తుంది. అంటే పాతదాంట్లో పొల్లు ఒక బొమ్మ, కొత్తదాంట్లో అది ‘పక్కనున్న హల్లును కలుపు’ అని చెప్పడం. ఇది ఒంటబడితే మీ సగం చికాకులు పోతాయి. శుభలేఖలో ‘రాజ్‌కుమార్’ అని కొడితే ‘రాజ్కుమార్’ అని వచ్చి తల పట్టుకుని ఉంటారు కదా? కంప్యూటర్ తప్పు చేయలేదు, మీరు కలపమన్నారు, అది కలిపింది. కలవకూడదంటే మధ్యలో నాన్ జాయినర్ పెట్టాలి. ఇన్‌డిజైన్‌లో టైప్ మెనూలో, ఇన్సర్ట్ స్పెషల్ క్యారెక్టర్ కింద, అదర్ అన్న చోట ఉంటుంది.

వత్తులన్నీ విడిపోయాయన్నారే, ఆ రెండు రోజుల సంగతి. అది దాదాపుగా కంపోజర్ సెట్టింగే, అంటే ఇన్‌డిజైన్‌లో అక్షరాలను లైన్లుగా పేర్చే భాగానిదే అయి ఉంటుంది. మామూలు అడోబ్ పేరాగ్రాఫ్ కంపోజర్‌కు తెలుగు అక్షరాలు కలపడం రాదు, వరల్డ్ రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ పెట్టాలి. పేరాగ్రాఫ్ స్టైల్‌లో జస్టిఫికేషన్ అన్న భాగంలో ఒకసారి పెట్టేస్తే ఆ స్టైల్ వాడినంత కాలం మళ్లీ చూసుకోనక్కర్లేదు. ఇన్‌డిజైన్‌లో తెలుగు మొదలుపెట్టిన చాలామందికి మొదటిరోజు తగిలే రాయి ఇది. ఆ అమ్మాయి ఒక్క నిమిషంలో మార్చిందంటే ఆమె మీకంటే తెలివైనదని కాదు, ఆ రాయి ఆమెకు ముందే తగిలింది. మీరు పావుగంటకే అడిగి ఉంటే రెండు రోజుల బాధ ఉండేది కాదు.

ఈ పావుగంట లెక్క పెట్టుకోండి. ఏదైనా చిక్కుపడితే పావుగంట సొంతంగా తంటాలు పడండి, ఏం చేసి చూశారో కాగితం మీద రాసుకోండి, ఆ తర్వాత లేచి అడగండి. ‘అమ్మా, ఇది రావడం లేదు’ అంటే ఆమె వచ్చి మౌస్ లాక్కుని చేసేసి పోతుంది, మీకు ఏమీ రాదు. ‘అమ్మా, ఇది చేశాను, ఇది చేశాను, ఇక్కడ ఆగింది, మౌస్ నా చేతిలోనే ఉంచి చెప్పు’ అనండి. మౌస్ మీ చేతిలో ఉండాలి, అది ముఖ్యం. నేర్పేవాళ్లు తొందరలో చేసే పెద్ద తప్పు అదే.

మీకు ఒక నోటుపుస్తకం కావాలి. పేజీ మధ్యలో గీత గీసి ఎడమవైపు పేజ్‌మేకర్, కుడివైపు ఇన్‌డిజైన్ అని రాయండి. నేను కొన్ని మొదలుపెట్టి ఇస్తాను. పేజ్‌మేకర్‌లో కంట్రోల్ ఈ నొక్కితే స్టోరీ ఎడిటర్ తెరుచుకునేది, ఇన్‌డిజైన్‌లో కంట్రోల్ ఈ నొక్కితే ఎక్స్‌పోర్ట్ వస్తుంది, స్టోరీ ఎడిటర్‌కు కంట్రోల్ వై. మ్యాటర్ ఇంకా మిగిలి ఉంటే అక్కడ కింద ఎర్ర త్రికోణం కనిపించేది, ఇక్కడ ఎర్ర ప్లస్ గుర్తు. బొమ్మ తెచ్చుకోవడానికి అక్కడా ఇక్కడా కంట్రోల్ డీ యే. మాస్టర్ పేజీలు ఇక్కడా ఉన్నాయి, కొత్త వెర్షన్లలో పేరెంట్ పేజీలు అంటున్నారు. ఇలా రాసుకుంటూ పోతే పది రోజులకు మీకే అర్థమవుతుంది, కుడివైపు ఉన్నదాంట్లో పూర్తిగా కొత్తది ఎంత తక్కువో. రెండూ ఒకే కంపెనీవి కదా, పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 2001లో వచ్చింది, ఆ తర్వాత వాళ్లు పెంచుకుంటూ వచ్చింది ఇన్‌డిజైన్‌నే. ఇందులో పేజ్‌మేకర్ షార్ట్‌కట్లు పెట్టుకునే వీలు కూడా ఉంటుంది, ఎడిట్ మెనూలో కీబోర్డ్ షార్ట్‌కట్స్ దగ్గర. నన్నడిగితే అది మాత్రం పెట్టుకోకండి. షార్ట్‌కట్లు పదో ఇరవయ్యో, అవి పది రోజుల పని. అవీ పాతవే ఉంచుకుంటే ఆ అమ్మాయి చెప్పేదొకటి, మీ మిషన్‌లో జరిగేదొకటి అవుతుంది. లేఅవుట్ వేరు, అందులో 22 ఏళ్ల వేగం ఉంది, దాన్ని కాపాడుకోవాలి.

ఆ నోటుపుస్తకానికి ఇంకో ఉపయోగం కూడా ఉంది. అనుభవం ఉన్నవాళ్లు కొత్తది నేర్చుకునేటప్పుడు నోటి చివర ఒక మాట ఉంటుంది, ‘మా పేజ్‌మేకర్‌లో అయితేనా’ అని. నేర్పేవాళ్లకు అది విని విని విసుగొస్తుంది, మనకూ ఎదుటివాళ్లు చెప్పింది చెవికి ఎక్కదు. ఆ మాట వచ్చినప్పుడల్లా నోటితో అనకుండా ఎడమవైపు రాసేయండి. మొదటి నెల మీకు తెలిసినది ఆ అమ్మాయికి చెప్పకండి, అడిగితే తప్ప. తర్వాత చెప్పండి, ధారాళంగా చెప్పండి.

‘అంకుల్, అది కాదు’ అన్న మాట దగ్గరికి వస్తున్నాను. ఆ అమ్మాయి అవమానించాలని అనలేదని మీకూ తెలుసు, మంచిదే అని మీరే రాశారు. నొప్పి బైండింగ్ కుర్రాళ్లు విన్నారని. అందుకు తేలికైన ఉపాయం ఉంది, ప్రెస్సులో మిషన్లు మొదలవక ముందు, పొద్దున తొమ్మిది నుంచి పది వరకు నేర్పమని అడగండి. మొదట్లో తడబడేది నలుగురి ముందు కాకుండా చాటుగా తడబడాలనుకోవడంలో తప్పేం లేదు. చాటు వేరు, దాపరికం వేరు. చాటుగా నేర్చుకున్నది మీకు మిగులుతుంది, దాచిపెట్టింది మాత్రం రోజూ కాపలా కాయాలి.

కానీ కొన్నాళ్లు పోయాక ఒక రోజు, ఆ కుర్రాళ్లందరూ ఉన్నప్పుడు, గొంతు తగ్గించకుండా ఆమెను ఒక సందేహం అడగండి. నేను చూసినంతలో ప్రెస్సుల్లో కుర్రాళ్లు పని నేర్చుకోలేక మానేసేది ఎక్కువగా అడగడానికి భయపడే. గురువు గారే అడిగారంటే వాళ్లలో ఒకడికైనా ధైర్యం వస్తుంది, రేపు కటింగ్ మిషన్ దగ్గర తెలియక చెయ్యి పెట్టే ముందు ఎవరినైనా అడుగుతాడు.

వయసులో చిన్నవాళ్ల దగ్గర, మనకంటే కింద అనుకునేవాళ్ల దగ్గర నేర్చుకోవడం మనకు మొదటినుంచీ కష్టమే. గిడుగు రామమూర్తి గారి పేరు మీరు ఏటా ఆగస్టు 29కి కరపత్రాల మీద కొట్టే ఉంటారు. ఆయన వ్యావహారిక భాష కోసం పోరాడారని అందరికీ తెలుసు, నాకు ఆయనలో ఇంకా ఎక్కువ నచ్చేది వేరే. పర్లాకిమిడిలో బడి పంతులుగా ఉంటూ, సొంతంగా పాత లిపులు నేర్చుకుని ముఖలింగం గుడి శాసనాలు చదివారు. కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకున్నారు. ఎవరి దగ్గర? ఆ భాషకు పుస్తకాలు లేవు, దాన్ని మాట్లాడేవాళ్ల దగ్గరే నేర్చుకోవాలి. ఊళ్లో పెద్దమనిషి, పంతులు గారు అనిపించుకున్నవాడు, నలుగురూ చిన్నచూపు చూసే కొండవాళ్ల ముందు ఒక్కో మాటా తప్పు పలుకుతూ, దిద్దించుకుంటూ కూర్చుని ఉండాలి కదా. అలా ఎన్నో ఏళ్లు చేసి చివరికి ఆ భాషకు వ్యాకరణం రాశారు, నిఘంటువు చేశారు. నేను ఆయన్ని తలచుకున్నప్పుడల్లా నిఘంటువు కంటే ముందు ఆ తప్పు పలికిన రోజులే గుర్తొస్తాయి నాకు.

నా సంగతి కూడా చెప్పకపోతే బాగుండదు. 51 ఏళ్ల వయసులో నాకు కాగితం ప్రూఫులు ఆపేసి పీడీఎఫ్ మీద దిద్దమన్నారు. నేను తప్పు ఉన్న ప్రతి మాటకూ పసుపు రంగు వేసి పంపాను, అంతే దిద్దడం అనుకున్నాను. దాని పక్కన నోట్ తెరిచి సరైన రూపం రాయాలని తెలియదు, ఎలా అని అడగలేదు. ఆ ఆపరేటర్‌కు రంగు కనిపించింది గానీ ఏం మార్చాలో తెలియలేదు, అతనూ నన్ను అడగలేదు, పెద్దావిడను ఎలా అడగాలా అని. 96 పేజీల పుస్తకం తప్పులతోనే అచ్చయింది. రచయిత ఇంటికి వెళ్లి నేనే చెప్పాను, ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆ మౌనం ఇప్పటికీ మర్చిపోలేదు. అందుకే మీ కవి గారి పుస్తకం గురించి చదివినప్పుడు నాకు గుండె ఝల్లుమంది.

ఆ పుస్తకం ముందు సరిచేయండి. కన్వర్టర్లు చాలావరకు బాగానే మారుస్తాయి గానీ కొటేషన్ గుర్తులు, అరుదుగా వచ్చే సంయుక్తాక్షరాలు, అంకెల దగ్గర తడబడతాయి. కన్వర్టర్ వాడటం తప్పు కాదు, పాత పుస్తకాలను మార్చడానికి అది కావాలి కూడా. మార్చినదాన్ని పాత ప్రింటు పక్కన పెట్టుకుని మాట మాటా చదవకుండా ఇవ్వడం తప్పు. అర్ధరాత్రి ఒంటిగంటకు ఎవరి కన్నూ ఆ పని చేయలేదు, మీదైనా సరే. కవి గారి పుస్తకం ఒక పగలు పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా మీరే చదవండి.

ఇక ఓనరు గారి దగ్గర. ముందు పెద్దాయన దగ్గరికి వెళ్లండి, 22 ఏళ్ల చనువు ఆయనతో ఉంది, అబ్బాయిని కూడా ఆయనే పిలిపిస్తారు. పొద్దున్నే, పని హడావుడి మొదలవక ముందు. ఎక్కువ మాటలు వద్దు. ఇలా చెప్పొచ్చు: ‘అయ్యా, మీతో ఒక అబద్ధం చెప్పాను. కొత్తది వచ్చేసిందన్నాను, ఇంకా రాలేదు. భయపడి రాత్రిళ్లు ఇంట్లో పాతదాంట్లో కొట్టి మార్చి ఇస్తున్నాను, కవి గారి పుస్తకంలో తప్పులు అందుకే వచ్చాయి, అది నేనే చదివి సరిచేస్తాను. నాకు శ్రావణమాసం వెళ్లేదాకా టైమ్ ఇవ్వండి. ఆపిల్ లేఅవుట్‌తో యూనికోడ్ కొట్టే సాఫ్ట్‌వేర్ వేయించండి. పొద్దున ఒక గంట ఆ అమ్మాయిని నాకు కేటాయించండి. అర్జెంటు పనులు అప్పటిదాకా మీకు ముందే చెప్పి పాతదాంట్లో చేస్తాను.’ చివరి వాక్యంలో ‘మీకు ముందే చెప్పి’ అన్నది మర్చిపోకండి.

ఆయన కోప్పడొచ్చు. అబ్బాయి ఇంకో మాట అనొచ్చు. కోప్పడరని నేను హామీ ఇవ్వలేను. కానీ దొరికిపోయిన మనిషిని చూసే చూపు వేరు, తనంతట తాను వచ్చి చెప్పిన మనిషిని చూసే చూపు వేరు, మీరూ నలుగురితో పని చేయించినవారే, ఇది నేను మీకు చెప్పాలా. ఆ రోజు ఇంటికెళ్లి మీ ఆవిడకు కూడా చెప్పండి. రెండు నెలలుగా మీరు నిద్రపోవడం లేదని ఆమెకు తెలియకుండా ఉండదు, కారణమే తెలియదు.

వేరే పని చూసుకోమంటారా అని అడిగారు. చూసుకోవచ్చు, కానీ ఎక్కడికి వెళ్లినా మొదటి ఆరు నెలలు కొత్తవారే కదా. అక్కడ మీరు ‘ఇది ఎలాగండీ’ అని అడగక తప్పదు, పైగా అక్కడ మీ కన్ను విలువ తెలిసినవాళ్లు ఉండరు. ఇక్కడ అడగడమే నయం. ఇంకో మాట, మీరు యూనికోడ్‌లో కొట్టిన పుస్తకం ఫోనులో చదువుకోవచ్చు, అందులో మాట వెతుక్కోవచ్చు, చూపు లేనివాళ్లకు ఫోను చదివి వినిపిస్తుంది. అనులో ఇన్నేళ్లు మీరు కొట్టిన పుస్తకాల్లో ఒక్కటీ అలా వినడానికి వీల్లేదు. వాటిని మార్చాలంటే ఆ పాత పేజీలు, కొత్త పద్ధతీ రెండూ తెలిసిన మనిషి కావాలి. మీ ఊళ్లో అలాంటివాళ్లు ఎందరున్నారో మీరే లెక్కపెట్టి చూడండి.

ఇప్పుడు ఆషాఢం నడుస్తోంది. ముహూర్తాలు లేవు, శుభలేఖల పని ఉండదు, మీ బల్ల ఏడాదిలో ఇంత ఖాళీగా మళ్లీ దొరకదు. శ్రావణం వచ్చిందంటే లగ్గాలు మొదలై ఊపిరి ఆడదు. ఈ మిగిలిన రోజుల్లో పేజీలు లెక్కపెట్టుకోకండి, రోజుకు నోటుపుస్తకంలో కుడివైపు ఎన్ని లైన్లు చేరాయో చూసుకోండి చాలు. ఒక శుభలేఖ, ఒక కరపత్రం, ఒక పదహారు పేజీల చిన్న పుస్తకం, ఈ వరసలో చేయండి. పుస్తకం ఆఖర్న.

ఇంట్లో ఉన్న ఆ పాత కంప్యూటర్‌ను అమ్మేయకండి, పుస్తకాల ఫైళ్లన్నీ అందులో ఉండి ఉంటాయి, వాటి కాపీ ఒకటి హార్డ్ డిస్కులోకి తీసి పెట్టండి. ఆ తర్వాత దాని మీద గుడ్డ కప్పేసి పడుకోండి. సోమవారం తొమ్మిదింటికి ప్రెస్సులో ఉండాలి.